బయటి గొళ్ళెం

మొన్న భోకర్ అంగడిల ఒక ముసలామె మేకను తిడుతుండె. అది తాడు తెంపుకొని కొత్తిమీర కుప్పల మూతి పెట్టింది. "నీ కొంప గాల! నీ మూతి మండ! ఎవల సొమ్మనుకున్నవే?" అని ఒర్రుకుంట దాని ఎనక ఉరుకుతున్నది. బెండకాయలు ఏరుకుంటున్నదాన్ని నేను ఉన్నకాడనే ఆగిపోయిన. ఆ గొంతు వేరు, ఆ మనిషి వేరు. గని ‘గాల’ కాడ జర సాగదీసుడు, తిట్టినంక పెదవి కొసకు నవ్వు దాచుకునుడు, అచ్చం మా పెద్దత్తదే. కూరగాయలాయన "కాయ్ బాయీ, కావాల్నా వద్దా?" అని అడిగేదాంక నాకు సోయి లేదు. ఆ దినం సంది ఏ పని చేసినా ఆమెనే కండ్లల్ల మెదులుతున్నది.

పెద్దత్త అంటే మా ఆయనకు పెద్దనాయిన భార్య. నేను కాపురానికి అచ్చేటాళ్ళకే మా అత్త లేదు, మామ లేడు. మా ఇంటికి, పెద్దత్త ఇంటికి నడుమ కంప దడి ఒక్కటే అడ్డం. ఆ దడి మీదికెల్లే ఆమె నాకు అత్తరికం చేసింది. నేను పొయ్యి ముట్టిస్తే పొగ రంగు చూసి అవుతలికెల్లి అనేది: "పచ్చికట్టెలు పెట్టినవా? నీ కొంప గాల! కండ్లు పోగొట్టుకొని నాకు ఇంకో గుడ్డిదానివి తయారైతవా?" జరసేపటికి దడి దాటి ఎండుకట్టెల మోపు నా వాకిట్ల దబ్బున పడేది. కట్టెలే కాదు, చింతకాయలు, పుంటికూర, ఒకసారి బతికున్న కోడి కూడ గట్లనే వచ్చి పడ్డయి. చేతికి ఇచ్చుడు ఆమెకు రాదు. ఇచ్చేటప్పుడు ఎదుటి మనిషి మొఖం చూస్తే ఆమెకు సిగ్గనుకుంట.

మా ఊరు కిన్వట్ అవతల, టేకడవి అంచుల ఉండె. అన్ని మట్టి గోడలు, గడ్డి కప్పులు. ఊర్ల పెద్దత్త తిట్టని ప్రాణి లేదు. ఒక చెయ్యి నడుముకు ఆనించి, ఇంకో చెయ్యి గాలిల తిప్పుకుంట నడిచేది. దారికి అడ్డమచ్చిన ఎద్దుకు, పారని వాగుకు, అడుగంటిన గట్కకు, అందరికి ఒక్కటే తిట్టు: నీ కొంప గాల. వాన లేటైన ఏడు బోనం ఎత్తుకొని పోయి పోచమ్మ ముంగట నిలబడి, "తల్లీ, మబ్బులు యాడ దాచిపెట్టినవే, నీ కొంప గాల!" అన్నది. ఆడోళ్ళమందరం నాలికలు కర్చుకున్నం. "కోపమస్తదత్తా తల్లికి" అని నేను అంటే, "దానికి కోపమెందుకస్తది? దానికి కొంపెక్కడుంది, చెట్టు కిందనే ఉండె గదా" అన్నది.

అడవి జవాను ఒకడు ఊర్లకచ్చినప్పుడల్లా కోడిని అడిగేటోడు. ఎవ్వరు కాదనేటోళ్ళు కాదు. పెద్దత్త వాకిట్లకు అచ్చినప్పుడు, "నీ కొంప గాల, పోయిన నెల తిన్న కోడి ఇంకా నీ కడుపుల కూస్తున్నది, నాకు ఇనస్తున్నది" అన్నది. వాడు నవ్వి తిరిగిపోతుంటే మళ్ళ పిలిచి, "మొఖం చూడు ఎట్ల గుంజుకపోయిందో. ఎండల తిరుగుతున్నవ్, కూసో" అని రొట్టె, ఉల్లిగడ్డ పెట్టింది.

నాకు చలిజరమచ్చిన ఏడు యాదికున్నది. అడవి ఊర్లల్ల ఆ జరం మనుషులను ఊడ్చుకపోయేది. పెద్దత్త నా కాళ్ళ కాడ కూసుండి, ఒత్తుకుంట, తిట్టుకుంట ఉన్నది. "చావకే పొల్లా. నువ్వు చస్తే నీ కొంప గాల, నా కొడుక్కి ఇంకో పెండ్లాన్ని యాడికెల్లి తేవాలె? వాని మొఖానికి ఎవలిస్తరు?" నాకు వణుకుల నవ్వచ్చింది. నేను బతికిన్నంటే ఆ ఒత్తుడుకో ఆ తిట్టుకో తెల్వది.

ఆమె ఇంట్ల ఇంకో మనిషి ఉండె. ఆమె అక్క. చిన్నప్పుడు ఒంటి నిండ అమ్మవారు పోసి రెండు కండ్లు పోయినయి. ముందుగాలే పెండ్లి చేసి ఉండె. కండ్లు పోయినంక అత్తగారోళ్ళు తీసుకపోలె. తల్లిదండ్రులు పోయినంక పెద్దత్త పోయి చెయ్యి పట్టి తనింటికి తోలుకొచ్చింది. పెద్దత్తకు కడుపున పుట్టిన పిల్లలు లేరు, మొగడు పోయిండు. అక్కనే ఆమెకు బిడ్డ, అక్కనే ఆమెకు ముచ్చట. ఊరందరం ఆమెను అక్క అనే పిలిచేది.

అక్క నోట్లకెల్లి మాట అచ్చుడు మస్తు కష్టం. ఇంటి ముంగటి అరుగు మీద కూసుండి గోగునార పేనుతుండేది. మా ఊరి గొడ్ల మెడల్ల ఉన్న తాళ్ళన్ని ఆమె పేనినయే. పొద్దటి ఎండల పెద్దత్త ఆమె ఎనక కూసుండి నెత్తి దువ్వుడు చూస్తుంటే నాకు నా చెల్లె యాదికచ్చేది.

"నెత్తి నిండ పేండ్లే. యాడికెల్లి అచ్చినయే నీకు?" అని పెద్దత్త అడిగేది.

"నీ నెత్తిలకెల్లి" అని అక్క.

"నీ కొంప గాల!"

"నాకు కొంపెక్కడిది? ఈ కొంప నీదే గదా" అని అక్క చిన్నగ అనేది. అప్పుడు పెద్దత్త దువ్వెన ఎత్తి పట్టుకొని పొట్ట పట్టేటట్టు నవ్వేది.

ఒక ఎండకాలం అక్క మేక గంట చప్పుడు పట్టుకొని ఒక్కతే బయటికి నడిచి, వాగు కాడి గుంతల పడ్డది. పెద్దత్త చేను కాడికెల్లి అచ్చి, ఇల్లిల్లు తిరిగి, ఒర్రి ఒర్రి గొంతు పోయినంక దొరికింది. చెయ్యి విరిగి, మూలుగు కూడ లేకుండ పండి ఉండె. ఆ దినం సంది ఆమెను ఇంట్ల ఒక్కదాన్ని ఇడిచి పోవల్సినప్పుడు పెద్దత్త బయట గొళ్ళెం పెట్టేది. దగ్గరి పనికి పోతేనే గట్ల. దూరం పోతే అక్కను తన వెంట తోల్కపోయేది. కట్టె ఒక కొస తను, ఇంకో కొస అక్క పట్టుకొని పోతుంటే ఊరంత చూసేది. మొదట గొళ్ళెం పెట్టిన దినం నేను ఉన్న. పెద్దత్త గొళ్ళెం పట్టుకొని మళ్ళ మళ్ళ ఇడిచింది. లోపలికెల్లి అక్కనే అన్నది, "ఎయ్యే. ఏం గాదు. నువ్వు అచ్చి తీసేదాంక ఈడనే ఉంట. నేను యాడికి పోత?"

దేశాల నడుమ పెద్ద లడాయి నడిచే దినాలవి. ఆ లడాయికని మా ఊరి మీది గుట్టల టేకు మస్తు కొట్టిండ్రు. మొద్దులు బండ్ల మీద కిన్వట్ టేషనుకు పోయినయి. కొమ్మలు, ఆకులు, చెక్కపేళ్ళు ఉన్నకాడనే ఇడిచిపెట్టిండ్రు. ఎండకాలం వచ్చేసరికి అవి మోకాలెత్తున ఎండి, కాలు పెడితే పటపటమనేటివి. పెద్దలు చూసి, "ఇది మంచిగ లేదు" అన్నరు. అని ఊకున్నరు. ఎవలకు చెప్తరు?

ఇప్పపువ్వు రాలే దినాలు. పొద్దు పొడవకముందే ఆడోళ్ళందరం గంపలు పట్టుకొని గుట్టకు పోయేది. మిగిలిన దినాలు పెద్దత్త అక్కను కూడ తెచ్చి ఒక చెట్టు కింద కూసోబెట్టేది. అక్క చేతులతోని నేల తడిమి, తనకు అందినకాడి పువ్వు ఏరేది. ఆ దినం అక్కకు జరమచ్చి పెయ్యి కాలుతుండె. రావద్దన్నది పెద్దత్త. నేను గంప పట్టుకొని వాకిట్ల నిలబడ్డ.

లోపలికెల్లి అక్క, "నాకు జర ఆకు వక్క దంచియ్యే" అన్నది. ఆమెకు పండ్లు లేవు, దంచిస్తెనే నములుతది.

"నీ కొంప గాల! పెయ్యి కాలవట్టె, ఆకు వక్క గావాల్నా నీకు? పండుకో. అచ్చినంక దంచిస్త."

గొళ్ళెం పడ్డ చప్పుడైంది. మేము నడిచినం.

పువ్వు బాగ రాలింది ఆ దినం. చెట్ల కింద నేల పసుపు పోసినట్టు ఉండె. పెద్దత్త మంచి ఖుషీ మీద ఉండె. పువ్వు తినిపోయిన ఎలుగ్గొడ్డును తిట్టింది, గంప చిన్నగున్నదని మేదరోన్ని తిట్టింది. ఎండ ఎక్కినంక గాలి లేచింది. ముందుగాల మాకు వాసన అచ్చింది. ఇప్పచెట్ల కింద పువ్వు కనవడేటందుకు ఆకు కాలవెడుతరు, గదే అనుకున్నం. అంతల మా పక్కకెల్లి ఒక దుప్పి ఉరికింది. మమ్ముల చూసి బెదరలె. దాని ఎనక కుందేళ్ళు, నక్క, అన్ని ఒక్క దిక్కే ఉరుకుతున్నయి. తర్వాత ఎదురు బొంగులు పేలిన చప్పుడు, తుపాకులు కాల్చినట్టు. తలెత్తి చూస్తే గుట్టకు, ఊరికి నడుమ మొత్తం పొగ. పొగ కింద ఎర్రగ గోడ లెక్క.

ఎవ్వరంటించిండ్రో నేటికి తెల్వదు. పువ్వు ఏరేటోళ్ళా, బండ్లోళ్ళు తాగి పడేసిన చుట్టనా, ఏదైనా గావచ్చు.

పెద్దత్త గంప పడేసి మంట దిక్కే ఉరికింది. నేను, ఇంకో ఇద్దరు ఆడోళ్ళు పోయి పట్టుకున్నం. ఆమె నా చెయ్యి కొరికింది. "ఇడువుండ్రి! అక్కున్నది! గొళ్ళెమేసిన! నేనే ఏసిన!" అని ఒకటే ఒర్రుడు. ఇడిచిపెడితే అండ్లకే పోయేది. గుంజుకొని వాగుల దిగినం. వాగు ఎండి ఉండె, గని బండల నడుమ గుంతలల్ల బురదనీళ్ళు ఉన్నయి. కొంగులు తడిపి నెత్తుల మీద కప్పుకొని అండ్ల పండినం. మంట మీదికెల్లి పోయింది. ఆ మోత నేను చెప్పలేను. రైలు నెత్తి మీదికెల్లి పోతున్నట్టు, ఆగకుండ. ఆ మోతల పెద్దత్త, "అక్కా! అక్కా!" అని పిలుస్తనే ఉన్నది. పక్కన ఉన్న నాకే ఆమె పెదవులు కనవడ్డయి గని మాట ఇనరాలె.

మంట దాటినంక వాగు పట్టుకొని ఊరి దిక్కు నడిచినం. ఇసుక కాళ్ళకు కాలుతున్నది. ఊరోళ్ళందరు వాగు కింది దిక్కు, ఇసుక తిన్నె మీద ఉన్నరు. తోలుకొచ్చిన గొడ్లు, పిల్లలు, ముసలోళ్ళు. ఎవల మొఖం ఎవలదో పోల్చరాలె, అంత మసి. మా ఆయన మా ఎద్దుల మెడలు పట్టుకొని నిలబడి ఉండె. మీసాలు కాలినయి, చేతుల మీద బొబ్బలు. మమ్ముల చూసి ముందుకు ఉరికచ్చిండు. నన్ను చూసిండు, పెద్దత్తను చూసిండు, మా ఎనక చూసిండు.

"అక్క ఏది?" అన్నడు.

అదే గడియల పెద్దత్త కూడ ఆయన్ను, "అక్క ఏది?" అన్నది.

ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.

"మీతోని అచ్చిందనుకున్న పెద్దమ్మా" అన్నడు ఆయన. "ఎప్పుడు తోల్కపోతవ్ గదా. నేను మీ ఇంటి ముంగటికెల్లే ఉరికిన. బయట గొళ్ళెం పెట్టి ఉండె. లోపల ఎవ్వరు లేరనుకున్న."

ఆయన ఒక్కడే కాదు. ఆ ఇంటి ముంగటికెల్లి ఊరు ఊరంత ఉరికింది. అందరు గొళ్ళెం చూసిండ్రు. అందరు గదే అనుకున్నరు.

పెద్దత్త ఏడ్వలె. ఇసుకల కూలబడ్డది. ఒక పిడికిలి ఇసుక తీసి నోట్ల పోసుకున్నది. నేను ఏలు పెట్టి తీసిన.

ఇండ్లు సల్లారినంక మగోళ్ళు పోయి అచ్చిండ్రు. దొరికినకాడికి ఒక ధోతిల కట్టి తెచ్చి, వాగొడ్డున మన్నుల పెట్టిండ్రు. మళ్ళ అగ్గి పెట్టుడుకు ఎవ్వరికి చేతులు రాలె.

ఊరు మొత్తం పోయింది. గరిసెలల్ల జొన్నలు బొగ్గులైనయి. కప్పుదామంటే గడ్డి లేదు, నిలబెడుదామంటే గుంజ లేదు. భూమి దొరది, మేము కౌలుకు చేసేటోళ్ళం. విత్తనాలు లేని కౌలుదారును దొర ఎందుకు పిలుస్తడు? కొందరు ఆదిలాబాద్ దిక్కు పోయిండ్రు, కొందరు బిలోలిల ఉన్న చుట్టాల కాడికి పోయిండ్రు. మేము కొన్ని ఇండ్లోళ్ళం రైలుపట్టా పట్టుకొని నడిచి, దొరికినకాడ రైలెక్కి భోకర్ చేరినం. అక్కడ పత్తిల గింజ తీసే మిల్లు ఉండె, కూలి దొరుకుతదన్నరు. ఊరవతల తుమ్మల నడుమ గుడిసెలు ఏసుకున్నం. చుట్టుపక్కల మరాఠోళ్ళు మా గుడిసెలకు ‘జళ్కీ వాడీ’ అని పేరు పెట్టిండ్రు. కాలినోళ్ళ వాడ అని. పాపం, ఎక్కిరింతకు కాదు. "జళ్కీ వాడీలకు జర రొట్టెలు పంపుండ్రి" అని వాళ్ళే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేటోళ్ళు. గని ఆ పేరు ఇన్నప్పుడల్లా పెద్దత్త తల వంచుకునేది.

ఆమె మాటలు నిలిచిపోయినయి. మూగది అయిందని కాదు. అడిగితే చెప్పేది. గని తిట్టు పోయింది. మా గుడిసె పక్కనే ఆమెది. నా పొయ్యి పొగ అటే పోయేది. నేను కావాల్నని పచ్చికట్టె పెట్టి చూసిన, తిడుతదేమో అని. లేచి ఇంకో దిక్కు పోయి కూసున్నది.

ఆమె పొయ్యి ముట్టియ్యలె. నేను పెట్టింది తినేది, అది కూడ సల్లారినంకనే. చలికాలం వాడంత మంట ఏసుకొని కూసుంటే ఆమె దూరంగ గొంగడి కప్పుకొని వణుకుకుంట ఉండేది. గుడిసెకు మా ఆయన తలుపుకు బదులు తడక కట్టిండు. తెల్లారి చూస్తే తడక లేదు. ఇప్పేసి ఎనకకు పడేసింది. మళ్ళ కట్టిండు. మళ్ళ ఇప్పింది. మూడోసారి ఆయన కట్టలె.

ఒకనాడు బాయి కాడ నీళ్ళ కోసం కొట్లాట అయింది. మా ఊరి ఆమెనే ఒకతి, పసిపిల్లను సంకల ఎత్తుకొని, బుద్ధి తప్పి పెద్దత్తను అన్నది: "లెవ్వంగనే కొంప గాల, పండంగనే కొంప గాల అంటివి. నీ నోరే గదా ఊరిని కాల్చింది!"

నా మనసుల నేను అనుకున్న, ఇప్పుడు లేస్తది పెద్దత్త, ఇప్పుడు ఒర్రుతది. ఒర్రితే బాగుండు దేవుడా అనుకున్న. ఆమె కడవ కింద పెట్టింది. ఆ ఆమె దిక్కు చూసి, "అవు బిడ్డా" అన్నది. నీళ్ళు ముంచుకోకుండనే పోయింది.

ఆ పొద్దుమూకి ఆమె మా గుడిసె ముంగటికి అచ్చింది. మా ఆయన మిల్లుకెల్లి అచ్చి కూసుండి ఉండె, నెత్తి నిండ దూది పింజలు.

"కొడుకా, ఒక్కటి అడుగుత. నా మీద జాలితోని అబద్ధం చెప్పకు."

"అడుగు పెద్దమ్మా."

"మా ఇంటి ముంగటికెల్లి ఉరికినవ్ గదా. అది పిలిచిందా?"

మా ఆయన కదల్లె. "నాకు ఇనరాలె పెద్దమ్మా. ఒట్టు. ఆ మోతల నా గొంతు నాకే ఇనరాలె. పిలిచి ఉంటే..."

"అది పిలిచి ఉండది" అన్నది పెద్దత్త. "నేను అచ్చి తీసేదాంక ఉంట అన్నది. అన్నమాట తప్పదు అది. నేనస్త అని కూసున్నది." తర్వాత ఆయన నెత్తి మీది దూది ఒక్కో పింజ ఏరి తీసుకుంట, "నీ తప్పేం లేదు. గొళ్ళెం చూసినోడు ఎవ్వడైనా గంతే" అన్నది. ఆమె పోయినంక ఆయన బువ్వ ముట్టలె.

వానలు పడ్డంక, ఒక పొద్దున ఆమె నా కాడికి అచ్చి, "నన్ను ఒకసారి ఊరికి తోల్కపోవే" అన్నది. నేను మిల్లుకు పోలె ఆ దినం. ఇద్దరం రైల్ల కిన్వట్‌కు పోయి, అక్కడికెల్లి నడిచినం.

నేను బూడిద చూస్త అనుకున్న. గని అంత పచ్చగ ఉండె. ఏమీ కానట్టు పచ్చగ. కాలిన టేకు మోడులకు చాటంత ఆకులు. గోడలు వానకు కరిగి నడుములోతు మిగిలినయి. ఎవల పెరట్లనో గింజ పడి సొరతీగ లేచి, గోడ ఎక్కి పూసింది. ఏ ఇల్లు ఎవలదో నాకు పోల్చరాలె. పెద్దత్త మాత్రం నడుమ ఒక్క అడుగు తప్పకుండ పోయింది. తన వాకిట్ల చెప్పులిడిచింది.

తలుపు లేదు, చౌకట్టు లేదు. కడప ఉండాల్సినకాడ గడ్డి మొలిచింది. ఆమె మోకాళ్ళ మీద కూసుండి చేతులతోని మన్ను తోడింది. నేను వద్దనలె. మొదట మొలలు దొరికినయి. తర్వాత గొళ్ళెం. కట్టె అంత కాలిపోయింది గని ఇనుము ఉన్నది. గొళ్ళెం కొండిల ఇంకా అట్లనే తగిలిచ్చి ఉన్నది, ఆ పొద్దున ఎట్ల ఏసిందో గట్లనే.

పెద్దత్త దాన్ని ఒళ్ళె పెట్టుకొని తీయవోయింది. తుప్పు పట్టి రాలె. పండ్లు బిగబట్టి గుంజింది, ఏలుకు రక్తమచ్చింది. "నేను తీస్తనత్తా" అంటే ఇనలె. రాయి తీసుకొని కొట్టింది. కొట్టి కొట్టి, ఆఖరికి అది ఊడింది. రెండు తునకలు రెండు చేతులల్ల పట్టుకొని, లేని తలుపు దిక్కు చూసి, ఎప్పుడు ఇంటికచ్చినా పిలిచే తీరుగనే పిలిచింది.

"అక్కా, అచ్చిన."

గప్పుడు ఏడ్చింది. ఇన్ని నెలల ఏడుపు. నేను దగ్గరికి పోలె. పోతే ఆపుతదేమో అని దూరంగనే ఉన్న. ఏడ్చి ఏడ్చి, కొంగు ముడి ఇప్పి ఆకు వక్క తీసింది. రాయి మీద పెట్టి మెత్తగ, పండ్లు లేనోళ్ళు నమిలేటంత మెత్తగ దంచింది. వాగొడ్డుకు పోయి అక్క ఉన్నకాడ ఆకుల పెట్టింది. గొళ్ళెం తునకలు రెండు అక్కడనే మన్నుల పెట్టింది. తిరిగి రైలెక్కేదాంక నా చెయ్యి ఇడువలె. నా చేతి మీద ఆమె కొరికిన గాటు ఇంకా ఉండె. రైల్ల దాన్ని చూసి బొటనవేలితోని రుద్దింది, రుద్దితే పోతదన్నట్టు.

ఆ తర్వాత ఆమె జర మనిషైంది. పొద్దున మిల్లు కూత పెట్టంగనే వాడల ఆడోళ్ళు పసిపిల్లలను, లేవలేని ముసలోళ్ళను తెచ్చి ఆమె గుడిసెల ఇడిచి పోయేటోళ్ళు. తడక లేని గుడిసె గదా, ఎవలైనా రావచ్చు. ఒక మూలకు ఉయ్యాలలు, ఒక మూలకు దగ్గేటోళ్ళు. మరాఠీ ముసలమ్మ ఒకామె కూడ అచ్చేది. ఒకల మాట ఒకలకు సగమే తెలుసు, అయినా ఇద్దరు పొద్దంత ముచ్చట పెట్టేటోళ్ళు. పెద్దత్త గుడిసె దర్వాజ కాడ అడ్డంగ కూసుండేది. పోయేటోళ్ళకు, "పో బిడ్డా, నేనున్న. యాడికి పోను" అని చెప్పేది. బాయి కాడ ఆ మాట అన్నామె కూడ తన పసిపిల్లను తెచ్చి, మొఖం చూడలేక నిలబడ్డది. పెద్దత్త చేతులు చాపి పిల్లను తీసుకున్నది. "పాలు తాపినవా?" అని అడిగింది. గంతే.

తిట్టు మాత్రం మళ్ళ ఆమె నోట రాలె. మేక అచ్చి ఎండవోసిన జొన్నలు తిన్నా, "పో తల్లీ" అనేది. మాకది ఇనలేకపోయేది.

ఆమె పోయింది కూడ ఎండకాలమే. పెద్ద రోగమేమి లేదు. దినదినం తినుడు తగ్గింది, లేచుడు తగ్గింది. పొద్దున నేను గట్క పట్టుకొని పోతే కండ్లు తెరిచి, "కోడలా, నన్ను కాలవెట్టనియ్యకు" అన్నది. "మన్నుల పెట్టుండ్రి. నీకు దండం పెడుత." ఆమె నాకు దండం పెట్టుడేంది? చేతులు పట్టుకొని దించిన. మధ్యాహ్నం దాటకముందే ప్రాణం పోయింది. గుడిసె ముంగట పిల్లలు ఆడుకుంటనే ఉన్నరు.

మా కులపోళ్ళు చేరిండ్రు. "పూడ్చుడు మన రివాజు కాదు. పెండ్లయి, ఏండ్లు నిండిన మనిషిని కట్టెల మీద పెట్టాలె. లేకుంటే గతి ఉండది" అన్నడు ఒక పెద్దమనిషి. నేను ఆడదాన్ని, వాళ్ళ నడుమ నా మాట ఎంత? అయినా చెప్పిన. ఎవ్వరు ఇననట్టే ఉన్నరు. కట్టెలకు మనిషిని తోలవోయిండ్రు.

మా ఆయన పెద్దల ముంగట ఎప్పుడు నోరిప్పినోడు కాదు. లేచి పోయి గడ్డపార, పార తెచ్చిండు. "కట్టెలు తేవద్దు" అన్నడు. "తెస్తే నన్ను కూడ పెట్టుండ్రి దాని మీద." తుమ్మల అవతల, వాగొర్రె పక్కకు పోయి తవ్వుడు మొదలుపెట్టిండు. పెద్దమనిషి మొఖం తిప్పుకొని పోయిండు గని ఎవ్వరు ఆపలె. జరసేపటికి వాడోళ్ళంత ఒక్కొక్కలే అచ్చి చుట్టు నిలబడ్డరు.

ఎండ మండుతున్నది. నల్లరేగడి నెర్రెలిచ్చి ఇనుము లెక్క ఉండె. పిలగాండ్లు పార అందుకోవోతే ఆయన ఇయ్యలె. నడుములోతు అయింది. "సాలు" అన్నరు. "ఇంకా ఎచ్చగున్నది మన్ను" అని మళ్ళ తవ్విండు. ఛాతిలోతు అయింది. "సాలు, ఇంక దింపుదాం" అన్నరు. ఆయన ఇనలె. మనిషి మునిగేటంత లోతు పోయినంక మన్ను రంగు మారింది, తడి తగిలింది. అప్పుడు పార బయటికి ఏసిండు. లోపల కూసుండి పెల్లలు ఒక్కోటి ఏరి, చేతులతోని నేల సాపు చేసిండు. ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతుండె. ఏడుస్తున్నడని అందరికి తెలుసు.

నేను ఒడ్డు మీదికెల్లి వంగి, "సల్లగున్నదా?" అని అడిగిన.

ఆయన అరచెయ్యి నేలకు ఆనించి, అట్లనే ఉంచి చూసిండు.

"సల్లగున్నది" అన్నడు.